నాలుగో పూసకీ అయిదో పూసకీ మధ్య

నా వంతు అయిదోది. నోటీసు బోర్డు మీద టైపు చేసిన కాగితంలో అలాగే ఉంది: అయిదు, నడుం నొప్పిని జయించడం, ఒక సహోద్యోగి అనుభవం. జయించడం అన్న మాట మా సూపరింటెండెంటు గారిది. ఆయనకు జయించడం అంటే మహా ఇష్టం, పోయినేడు ఇదే ఆరోగ్య దినాన జలుబును జయించడం గురించి నలభై నిమిషాలు మాట్లాడారు, మధ్యలో మూడుసార్లు ముక్కు చీదుకున్నారు. ఇప్పుడు వేదిక మీద మొదటి మనిషి, నిప్పులార్పే శాఖ నుంచి వచ్చినాయన, ఎర్ర సిలిండరును చంటిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని పిన్ను ఎక్కడ లాగాలో చూపిస్తున్నాడు. హాలులో ఎనభై మంది దాకా ఉన్నారు. నేను రెండో వరసలో కూర్చుని బెల్టు సవరించుకుంటున్నాను. జానెడు వెడల్పు బెల్టు, బట్టల మీదే పెట్టుకుంటాను, కనబడాలి కదా. లోపల నాలుగు ఇనప బద్దలు, ఇటు వంగితే ఒకటి పొడుస్తుంది, అటు వంగితే ఇంకోటి. పొద్దున తొమ్మిదికి ఎక్కి సాయంత్రం అయిదున్నరకి దిగుతుంది, రెండేళ్ల నాలుగు నెలలుగా ఇదే వరస. వేసవిలో దాని కింద చెమటకాయలు లేస్తాయి, ఇంటికెళ్లి పౌడరు చల్లుకుంటాను. నా నడుముకి ఏ జబ్బూ లేదు. ఎప్పుడూ లేదు.

ఈ నడుం మా వదిన కనిపెట్టింది. మావారి అక్క, ఏ చిక్కు వచ్చినా ముందు ఆవిడకే ఫోను వెళ్తుంది, ఆవిడ వస్తూనే చెప్పులు విప్పకుండా తీర్పు చెప్పేస్తుంది. ఆ రోజు నేను లోపలి గదిలో గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాను, ముందుగదిలో మాటలు వినబడుతున్నాయి. నడుం అని చెప్పరా, నడుం ఎవడికైనా ఉంటుంది, అంటోంది వదిన. గుండె అంటే భయపడతారు, కడుపు అంటే ఏం తిందని అడుగుతారు, అదే నడుం అన్నావనుకో, ఎవడి నడుం వాడికి గుర్తొచ్చి నోరు మూసుకుంటాడు. మావారు ఏదో గొణిగారు. ఉన్నది ఉన్నట్టు చెప్తావా మరి, పిచ్చిదాని మొగుడంటారు నిన్ను, దాన్ని ఏమంటారో నేను చెప్పక్కర్లేదు, అంది. ఆ మాట ఆవిడ కోపంగా అనలేదు, ఏడుస్తూ అంది, అది నాకు తెలుసు. వాళ్లు మాట్లాడుకుంటున్నది నా గురించే అని తెలుస్తూనే ఉంది, అయినా ఆ నేను ఎవరో నాకు పట్టలేదు. గోడకు సున్నం పెచ్చు ఒకటి లేచి ఉంది, దాన్ని గోకాలా వద్దా అని పొద్దుట్నుంచీ ఆలోచిస్తున్నాను, ఇంకా తేలలేదు.

డిస్కు జారింది, నాలుగో పూసకీ అయిదో పూసకీ మధ్య, అని మావారు ఆఫీసుకి ఫోను చేసి చెప్పారు. ఎక్కడ చూసి చెప్పారో గానీ ఆయన ఏ పని చేసినా అంత శుభ్రంగా చేస్తారు. ఊరి చివర పెద్ద ఎముకల ఆస్పత్రి పేరు చెప్పి, కాళ్లకు బరువులు కట్టి పడుకోబెట్టారు, చూడ్డానికి ఎవరినీ రానివ్వరు అన్నారు. మాది తూకాల ఆఫీసు, బరువులు కట్టారనగానే అందరూ నమ్మేశారు. నేను మాత్రం ఇరవై మూడు రోజులు వేరే ఆస్పత్రిలో, కిటికీలకు చువ్వలున్న వార్డులో, పక్క మంచం పెద్దావిడ దువ్వెన అడిగితే ఇవ్వడానికి చెయ్యి లేవక పడి ఉన్నాను.

చప్పట్లు. నిప్పులాయన దిగిపోతున్నాడు, సిలిండరు పిన్ను ఊడొచ్చి కింద పడితే వెతుక్కుంటున్నాడు, అందరూ నవ్వుతున్నారు. రెండోది కళ్ల డాక్టరు. గోడకు అక్షరాల చార్టు తగిలిస్తోంది, పైన పెద్దవి, కింద చీమతలకాయంత. చిన్న అక్షరాలు చదవడం నాకు బాగా అలవాటయింది ఈ రెండేళ్లలో. అబద్ధం నిలబెట్టాలంటే చదువుకోవాలి మరి. వెన్నెముక మీద మూడు పుస్తకాలు తెప్పించుకున్నాను, డిస్కు లోపలి గుజ్జు ఎలా ఉంటుందో, ఏ నరం నొక్కుకుంటే ఏ వేలు తిమ్మిరెక్కుతుందో నిద్రలో లేపినా చెప్పగలను. మొదట్లో ఎవరైనా అడిగితే తడబడేదాన్ని, ఒకసారి ఎడమకాలు లాగుతుందన్నాను, ఇంకోసారి కుడికాలు అన్నాను, టైపిస్టు పట్టేసింది, దాంతో రెండు కాళ్లూ అని సర్దుకున్నాను. తర్వాత తర్వాత జనం నన్నే సలహా అడగడం మొదలుపెట్టారు. కుర్చీలో ఎలా కూర్చోవాలి, పరుపు ఎంత గట్టిగా ఉండాలి, బకెట్టు ఎలా ఎత్తాలి. చెప్పాను. విచిత్రం ఏమిటంటే అందరికీ తగ్గింది. సూపరింటెండెంటు గారి భార్యకి నాలుగేళ్ల నొప్పి నేను చెప్పిన వ్యాయామంతో నెలలో పోయింది, ఆవిడ నన్ను వాటేసుకుని ఏడ్చింది. అందుకే ఈ రోజు ఈ కాగితం మీద నా వంతు. లేని జబ్బుకి నేను పెద్ద డాక్టర్ని అయి కూర్చున్నాను, ఉన్న జబ్బు పేరు ఇప్పటికీ నోటితో అనలేను.

అదిగో ఇరవై. తలుపు దగ్గర, మొదటి వరస చివరి కుర్చీలో. అతని అసలు పేరు జీతం పట్టీలో తప్ప ఎక్కడా వినబడదు, అందరికీ ఇరవైయే. ఇరవై కిలోల ఇనప గుండును ఒంటిచేత్తో, మాట్లాడుతూ, బల్ల మీదికి ఎత్తేవాడు గనక. బజారులో వాడే తూకపు గుళ్లన్నీ ఏడాదికోసారి మా పరీక్షశాలకు వస్తాయి, మా దగ్గరున్న అసలు బరువులతో తూచి చూస్తాం, సరిగ్గా ఉంటే అడుగున సీసం బిళ్ల మీద ఆ ఏటి ముద్ర కొడతాం. అరిగిపోయి తగ్గితే సీసం పోసి నింపుతాం. అసలు బరువులు గాజు పెట్టెలో మఖమలు మీద ఉంటాయి, వాటిని వట్టిచేత్తో ముట్టుకోకూడదు, వేలిముద్ర పడితే చాలు తూకం మారిపోతుంది. ఇరవైది నా పక్క బల్ల. నేను నడుముతో తిరిగి వచ్చిన మొదటి రోజు, ఎవరూ చెప్పకుండానే, నా వంతు గుళ్లన్నీ అతనే ఎత్తి తక్కెడ మీద పెట్టాడు. మర్నాడూ అంతే. మీరు కూర్చోండి అక్కా, ముల్లు చూడండి చాలు, అన్నాడు. రోజుకి నలభై, యాభై గుళ్లు. రెండేళ్ల నాలుగు నెలలు. ఒక్కరోజు విసుక్కోలేదు. అతను ఎత్తుతున్నంతసేపూ నేను ముల్లు చూస్తూ కూర్చునేదాన్ని, తల తీసేసినట్టు ఉండేది. దొంగతిండి తింటున్నట్టు ఉండేది. అయినా కూర్చున్నాను.

చెప్పేయొచ్చుగా అంటే, చెప్పేయొచ్చు. కానీ ముద్ర పోతుంది. మాకు ఇదివరకు ఒక పెద్దాయన ఉండేవాడు, నాకు పని నేర్పినవాడు, ముల్లు ఆగే దాకా ఊపిరి బిగబట్టమని చెప్పినవాడు, ఊపిరి గాలికి కూడా పళ్లెం కదులుతుందని. ఆయన భార్య పోయాక రెండు నెలలు సెలవులో ఉన్నాడు. ఎక్కడున్నదీ ఎలాగో బయటపడింది. చువ్వల కిటికీల వార్డు. అప్పుడు పాత సూపరింటెండెంటు ఒక మాటన్నాడు, మతి స్థిమితం లేనివాడు ముద్ర కొడితే అది ముద్రేనా అని. ఆయన ఆ ఏడాది ముద్ర కొట్టిన గుళ్లన్నీ వెనక్కి తెప్పించారు. నాలుగు వందల పదహారు. బండ్ల మీద వచ్చాయి, వరండా నిండిపోయింది. మళ్లీ తూచే పని నాకూ ఇంకొకరికీ పడింది, పద్దెనిమిది రోజులు తూచాం. ఒక్కటంటే ఒక్కటి తప్పు లేదు. అన్నీ సరి. సరి, సరి, సరి అని రాసి రాసి నా చెయ్యి నొప్పెట్టింది. ఆ కాగితాలన్నీ ఇచ్చాక, సరే మంచిదే, కానీ ఎందుకైనా మంచిది అని ఆయన్ని టపా గదిలో కూర్చోబెట్టారు. రిటైరయ్యేదాకా కవర్లకు జిగురు రాశాడు. వరండాలో ఎదురుపడితే నన్ను చూసి నవ్వేవాడు, బాగా తూచావమ్మా అన్నట్టు. నేను మొహం తిప్పుకునేదాన్ని.  ఒక్కరోజు ఆగి ఎలా ఉన్నారండీ అని అడిగి ఉంటే నా సొమ్మేం పోయేది.

బహుశా అదే నాకూ తిరిగి తగిలిందేమో అనుకునేదాన్ని అప్పట్లో, అలాంటి పిచ్చి లెక్కలు వేసుకునేదాన్ని. అసలు ఎలా మొదలైందో చెప్పమంటే చెప్పలేను. ఎవరూ చనిపోలేదు, ఏ కష్టమూ రాలేదు, అందుకే సిగ్గు ఇంకా ఎక్కువ. ఒక రోజు రెండు కిలోల గుండు తూచాను, సరి. రాయబోతూ మళ్లీ తూచాను. సరి. నమ్మకం కలగలేదు. పదిహేడుసార్లు తూచాను, ముల్లు ప్రతిసారీ మధ్యలోనే ఆగింది, నేనే ఆగలేకపోయాను. ఇంటికెళ్లి స్నానాల గదిలో కుళాయి తిప్పి పక్కన కూర్చున్నాను. బకెట్టు నిండి పొర్లిపోతోంది, లేచి కట్టాలని తెలుసు, చెయ్యి నాదే, కుళాయి అందేంత దూరంలోనే ఉంది. మావారు తలుపు కొట్టేదాకా అలాగే ఉన్నాను. తర్వాత అన్నీ అలాగే అయ్యాయి. ఏ చెప్పు ముందు వేసుకోవాలో తేలదు. అన్నం ముందు కూర్చుంటే నమలడం అనేది ఎంత పెద్ద పని! దుఃఖం అంటారు గానీ అది దుఃఖం కూడా కాదు, దుఃఖం అయితే ఏడ్చేదాన్ని. నేను ఉండడం వల్ల ఇంట్లో అందరికీ ఇబ్బంది, లేకపోతే సుఖపడతారు అని ఎంత నిదానంగా, ఎంత తెలివిగా అనిపించేదో! అది తెలివి కాదని లోపల ఉన్నవాళ్లకి ఎలా తెలుస్తుంది? మావారు మాత్రం కనిపెట్టారు.  మేడ మీది తలుపుకు తాళం వేసి చెవి చొక్కా జేబులో పెట్టుకున్నారు. వంటింట్లో కత్తులు మాయమయ్యాయి, పొద్దున్నే ఆయనే కూరలన్నీ తరిగి డబ్బాల్లో పెట్టి వెళ్లేవారు, ముక్కలు అన్నీ ఒకే కొలతలో. ఆ మేడ తాళం ఇప్పటికీ తియ్యలేదు. బట్టలు వరండాలోనే ఆరేస్తాం. తుప్పు పట్టి రావట్లేదోయ్ అంటారాయన, అవునండీ తుప్పు పట్టింది అంటాను నేను. ఇద్దరమూ రోజూ మాత్ర సమయానికి ఒకరినొకరం చూసుకోకుండా గ్లాసు అందిస్తాం, అందుకుంటాం. ఆయనకు నా మీద ప్రాణం. ఆ ప్రాణానికి కూడా మాట లేదు.

మూడోది అయిపోవచ్చింది, చేతులు ఎలా కడుక్కోవాలో ఒకమ్మాయి గాలిలో కడిగి చూపిస్తోంది, ఎనభై మందీ గాలిలో చేతులు రుద్దుకుంటున్నారు. నేనూ రుద్దుతున్నాను. ఇరవై రుద్దట్లేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని, ఎవరివో ఎవరో దాచమని ఇచ్చినట్టు, వాటిని చూస్తున్నాడు. చొక్కా గుండీలు ఒకటి ఎగువ ఒకటి దిగువగా పెట్టుకున్నాడు. 

మూడు నెలల కిందట, సాయంత్రం, అందరూ వెళ్లిపోయాక అతను తక్కెడ పళ్లేలు తుడుస్తూ ఉన్నాడు. తుడిచిందే తుడుస్తున్నాడు. అక్కా, నాకూ మీకొచ్చిందే వచ్చినట్టుందక్కా, అన్నాడు. ఏమైంది అన్నాను. కాసేపు ఆగాడు. నడుం, అన్నాడు. మీ డాక్టరు అడ్రసు ఇవ్వరా? అని నా మొహంలోకి చూశాడు, అంతసేపు ఎప్పుడూ చూడలేదు. నా డాక్టరు కార్డు నా సంచిలోనే ఉంది, ఆకుపచ్చ అక్షరాలు, నెలకోసారి మంగళవారం వెళ్తాను. చెయ్యి సంచిలోకి వెళ్లింది, కార్డు అంచు వేలికి తగిలింది కూడా. దాన్ని దాటుకుని పెన్ను తీశాను. సూపరింటెండెంటు గారి భార్య వెళ్లిన ఎముకల డాక్టరు పేరు, వీధి, ఫోను రాసి ఇచ్చాను. అతను ఆ కాగితం రెండుసార్లు చదివాడు. ఈయనేనా అక్కా, అన్నాడు. ఈయనే, అన్నాను. పాపం నిజంగానే నడుమేమో, నా గుళ్లు మోసీ మోసీ నిజంగానే పట్టేసిందేమో అని నా భయం నాకు. వెళ్లాడు. ఎక్స్‌రే ఫోటో తీశారు. ఎముకలు ఇనుములా ఉన్నాయి పొమ్మన్నారు. ఆ నల్లటి ఫోటోను కిటికీకి అడ్డం పెట్టి ఆఫీసంతా చూశాం, మా ఇరవైకి లోపల కూడా ఇనుమేరా అని టైపిస్టు నవ్వింది, అందరం నవ్వాం, అతనూ నవ్వాడు. ఆ తర్వాత భోజనం డబ్బా మూత తియ్యకుండా ఇంటికి పట్టుకెళ్లడం మొదలుపెట్టాడు. ముల్లు ఆగాక కూడా చూస్తూ నిలబడిపోయేవాడు. రెండు వారాల కిందట ముప్పై గుళ్ల మీద వరసగా పోయినేటి ముద్ర కొట్టేశాడు. సూపరింటెండెంటు గారు అరిచారు, నీకు మతుందా లేదా అని. ఇరవై తల వంచుకుని, నడుం సార్, నొప్పిలో చూసుకోలేదు సార్, అన్నాడు. అప్పుడు తెలిసింది నాకు. ఆ గొంతు నాకు తెలుసు. అది నడుం గొంతు కాదు.

ఆ రోజునుంచీ చెప్తామనే అనుకుంటున్నాను. నాలుగుసార్లు అతని బల్ల దగ్గరికి వెళ్లాను. మొదటిసారి, నీళ్లు తాగావా అన్నాను. రెండోసారి, పిల్లాడు బళ్లోకి వెళ్తున్నాడా అన్నాను. మూడోసారి, ఎండ ఎక్కువగా ఉంది కదా అన్నాను, బయట వాన పడుతోంది. నాలుగోసారి ఏమీ అనకుండా అతని రూళ్లకర్ర తీసుకుని వచ్చేశాను, అది ఇంకా నా సొరుగులోనే ఉంది. రెండేళ్లుగా ఏ నోటితో నడుం నడుం అన్నానో ఆ నోరు వేరే మాట పలకదు, ఏం చెయ్యను. నిన్న సాయంత్రం మావారితో అన్నాను, రేపు హాలులో ఉన్నది ఉన్నట్టు చెప్పేస్తానండీ అని. ఆయన తరుగుతున్న చాకు ఆగింది. అతనికి విడిగా చెప్పొచ్చుగా, అన్నారు. విడిగా నోరు రావట్లేదండీ. ఎనభై మంది ముందు వస్తుందా? ఏమో, మైకు పెడితే వస్తుందేమో. ఆయన నవ్వలేదు. నీ ముద్ర తీసేస్తారోయ్, అన్నారు. తెలుసు. జిగురు గిన్నె ఇస్తారు. తెలుసండీ. కాసేపయ్యాక లేచి వెళ్లి, బల్ల దగ్గర కూర్చుని, తన గుండ్రటి అక్షరాలతో నాకు ఉపన్యాసం రాసిచ్చారు. రెండు పేజీలు. మొదటి వాక్యం, మానవ దేహానికి వెన్నెముక మూలస్తంభం. మడతపెట్టి నా చేతిలో పెడుతూ, ఎందుకైనా మంచిది ఉంచుకో, అన్నారు. ఎందుకైనా మంచిది. అందరూ ఈ మాటే అంటారు.

నాలుగోది మెట్లు దిగేటప్పుడు జాగ్రత్తలు. ఎవరూ వినట్లేదు. కాగితం నా చేతిలో చెమటకి మెత్తబడింది, మూలస్తంభం అలుక్కుపోయింది.  ఎలా మొదలుపెట్టాలి? మిత్రులారా, నాకు రెండేళ్ల కిందట. నాకు రెండేళ్ల కిందట ఏమైంది? పేరు చెప్పాలా? ఆ పేరు డాక్టరు కార్డు మీద ఉంది, మందుల చీటీ మీద ఉంది, నా నాలుక మీద లేదు. పిచ్చి అనాలా? పిచ్చి కాదు అని మొదలుపెడితే ఇక పిచ్చే వినబడుతుంది. బాగోలేదు అంటే, పాపం ఏం బాగోలేదు అంటారు, నడుం అనేస్తాను. నాకు తెలుసు, నోరు తెరిస్తే నడుమే వస్తుంది. తర్వాత ఏమవుతుందో కూడా కనబడుతోంది, ఆ సాయంత్రమే నా గుళ్లు వెనక్కి రమ్మని ఉత్తరాలు వెళ్తాయి, బండ్లు వస్తాయి, వరండా నిండుతుంది, తూచేది ఎవరు, ఇరవైయే తూచాలి. వద్దు. ఇవాళ కాకపోతే రేపు. మంచినీళ్లు తాగావా అని అడిగి రేపు చెప్తాను. అదిగో అతను లేచాడు. వెళ్లిపోతున్నాడా? లేదు, వేదిక దగ్గరికి వెళ్తున్నాడు, బల్ల కింద గుడ్డ తీస్తున్నాడు, గుండు. బరువు ఎలా ఎత్తకూడదో చూపించాలి కదా, దానికోసం పొద్దున్నే తెచ్చిపెట్టాడు, నేను చెప్పేది చెప్తాను, ఎత్తేది అతను ఎత్తుతాడు, ఎప్పటిలాగే.

మన నడుం డాక్టరు గారు, అన్నారు సూపరింటెండెంటు గారు మైకులో, అందరూ నవ్వారు, చప్పట్లు కొట్టారు, నా కాళ్లు నన్ను తీసుకెళ్లాయి. మైకు కీచుమంది. కాగితం విప్పాను. ఎనభై మొహాలు. మానవ దేహానికి, అన్నాను. ఆగాను. ఇరవై గుండు పక్కన నిలబడి ఉన్నాడు, రెండు చేతులూ వేలాడేసి, ఎప్పుడు ఎత్తమంటానా అని చూస్తూ. చొక్కా మెడ దగ్గర వదులైపోయింది, ఎంత చిక్కిపోయాడో ఇంత దగ్గరగా చూస్తే గానీ తెలియలేదు. అతని మణికట్టు ఎముక పైకి తేలి ఉంది. ఆ చేత్తో ఇరవై కిలోలు. నా కోసం. నోరు రాలేదు. ఎంత ప్రయత్నించినా రాలేదు. మైకు వదిలేశాను. బెల్టు పట్టీ లాగాను, చర్రుమని ఊడింది, మెట్టు మీద పడింది. వంగి, మోకాళ్లు వంచకుండా, ఎలా ఎత్తకూడదని అందరికీ చెప్తానో సరిగ్గా అలా వంగి, గుండు ఎత్తాను. బరువుగానే ఉంది. రొమ్ము దాకా తెచ్చి పట్టుకున్నాను. చూడండి, నాకేం లేదు, ఎప్పుడూ లేదు, ఇది చూసైనా అడగండి మరి ఏమైందని. ఒక్కరైనా అడగండి.

 చప్పట్లు. మామూలు చప్పట్లు కాదు, లేచి నిలబడి కొడుతున్నారు, టైపిస్టు ఈల వేసింది. సూపరింటెండెంటు గారు మైకు అందుకుని, చూశారా, ఇదీ జయించడం అంటే, రెండేళ్ల కిందట మంచం దిగలేని మనిషి, అంటున్నారు, ఆయన భార్య కళ్లు తుడుచుకుంటోంది, నా బెల్టును ఎవరో చేతిలో ఎత్తి అందరికీ చూపిస్తున్నారు. నేను గుండు పట్టుకుని నిలబడ్డాను. ఇంతకన్నా ఎలా చెప్పాలో నాకు తెలియదు.

ఇరవై ఒక్కడే చప్పట్లు కొట్టలేదు. ఆశ్చర్యపోలేదు కూడా. దగ్గరికి వచ్చి, నాకు మాత్రమే వినబడేలా, నాకు తెలుసక్కా, అన్నాడు. ఏం తెలుసు అన్నాను. అప్పుడు యాపిల్ పళ్లు పట్టుకుని వచ్చాను మిమ్మల్ని చూద్దామని. ఎముకల ఆస్పత్రికి. రానివ్వరన్నారు గానీ, పళ్లైనా ఇచ్చిపోదామని. ఆ పేరుతో ఎవరూ లేరన్నారు, మూడు అంతస్తులూ చూశాను. మీ వీధిలో మందుల షాపాయన మా బంధువే. అడిగితే మీ ఇంటికి ఏ మాత్రలు వెళ్తాయో చెప్పాడు. ఎవరికీ చెప్పలేదు నేను. అతను మామూలుగా, గుళ్ల లెక్క చెప్పినట్టు చెప్తున్నాడు.  తెలిసీ మోశావా రెండేళ్లు, అన్నాను. మోస్తే ఏమైందక్కా, అన్నాడు, మీకు ఎత్తే ఓపిక ఎక్కడుంది అప్పుడు. తర్వాత తల వంచుకుని, అందుకే కదా మీ డాక్టరు అడ్రసు అడిగింది, అన్నాడు.

నడుం, అని ఆగి అన్నాడే ఆ సాయంత్రం. నా మొహంలోకి అంతసేపు చూశాడే. ఈయనేనా అక్కా అని రెండోసారి అడిగాడే. నేను తప్ప ఎవరి దగ్గరికీ పోలేని మనిషి, నా మాటనే అరువు తెచ్చుకుని, నా సిగ్గు నాకు మిగిల్చి, నన్ను అడిగాడు. నేను అతని ఎముకలకు ఫోటో తీయించి పంపాను. నవ్వాను కూడా. ఇస్తాను, ఇప్పుడే ఇస్తాను, కార్డు సంచిలోనే ఉంది, అన్నాను, గుండు చేతుల్లో ఉంది, సంచి కుర్చీ దగ్గరుంది. అతను నవ్వాడు. ఆ నవ్వు పెద్దాయనది. ఇప్పుడు అక్కర్లేదులెండి అక్కా, తగ్గిపోయింది, హాయిగానే ఉంది, అన్నాడు. తగ్గిపోయింది. మావారు మేడ తలుపుకి తాళం వేసిన రోజు పొద్దున నేనూ అదే మాట అన్నాను, తగ్గిపోయిందండీ, హాయిగా ఉంది. ఇంత ప్రశాంతంగానే అన్నాను. అతను అలవాటుగా రెండు చేతులూ చాపాడు. ఇటివ్వండి, అన్నాడు.

ఇవ్వలేదు. గుండు కింద పెట్టేశాను, చెక్క వేదిక అదిరింది, చప్పట్లు ఆగిపోయాయి. అతని మణికట్టు పట్టుకున్నాను. సన్నగా, చల్లగా ఉంది. విడిపించుకోబోయాడు, అక్కా, అందరూ చూస్తున్నారు, అన్నాడు. చూస్తున్నారు. హాలంతా చూస్తోంది. సూపరింటెండెంటు గారు మైకుతో నా మీదికి వంగి, ఏమ్మా, నడుం పట్టేసిందా, అన్నారు, ఆ మాట స్పీకరు పెట్టెల్లోంచి హాలంతా మోగింది, మైకు నా నోటి ముందు ఉంది.

నడుం కాదు సార్, అన్నాను.

నా గొంతు చివరి వరస దాకా వెళ్లి తిరిగి వచ్చింది. ఆ తర్వాత ఏం చెప్పాలో నాకు తెలియలేదు, ఎవరూ ఏమీ అడగలేదు. అతని చెయ్యి మాత్రం వదల్లేదు.